ఎదుటివాడూ వింటున్నాడన్న ఎరుక

తిరుక్కోష్టియూరు గోపురం మీద రామానుజులు చేసిన పని జనం నోట నలిగినంతగా శ్రీవైష్ణవ గురుపరంపరలో మరో కథ నలగలేదు. శ్రీరంగం నుంచి పద్దెనిమిది సార్లు కాళ్లరిగేలా తిరిగాక గోష్ఠీపూర్ణులు ఆయనకు రహస్యార్థం ఉపదేశించారనీ, మరొకరికి చెబితే నరకమేనని హెచ్చరించారనీ, రామానుజులు గోపురమెక్కి ఊరందరికీ వినబడేలా దాన్ని చాటారనీ సంప్రదాయం చెబుతుంది. ఇంతమంది తరిస్తే నేనొక్కణ్ణీ నరకానికి పోయినా ఫరవాలేదన్నది గురువుకు ఆయనిచ్చిన జవాబు. దీన్ని సమత్వానికి గుర్తుగా చెప్పుకుంటాం. అది సబబే. అయితే ఇందులో మరో సంగతి కూడా ఉంది. గోపురం మీద నిలబడి మాట్లాడేవాడికి కింద ఎవరు నడుస్తున్నారో తెలియదు. తనవాళ్లను ఏరుకునే వీలు లేదు. విన్నవాడు దాన్నేం చేసుకుంటాడో, తనకేమైనా తిరిగిస్తాడో లెక్క కట్టే వీలూ లేదు. మాట వల్ల వచ్చే పర్యవసానం మాత్రం మాట్లాడినవాడి నెత్తినే ఉంటుంది. అందరినీ ఉద్దేశించి మాట్లాడటం అనే పనికి తనదైన ధర్మమంటూ ఒకటుంటే, దాని లక్షణాలు ఈ కథలోనే ఉన్నాయని నా నమ్మకం. రేడియో, టీవీ, చేతిలోని ఫోను, మూడూ ఇవాళ మనకు దేవుడి మాట చెబుతున్నాయి. వీటిలో ఏది ఆ ధర్మాన్ని నిలబెడుతోంది, ఏది వదిలేసింది అన్నది సాంకేతిక విషయంగానో వ్యాపార విషయంగానో తీసి పక్కన పెట్టదగిన ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు మన దేశంలో చట్టపరమైన జవాబు 1995 ఫిబ్రవరి 9న వచ్చింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారంపై బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పులో ఎంతో విలువైన మాట ఒకటుంది: ప్రసార మాధ్యమం ప్రజల అధీనంలో ఉండాలి, ప్రజలు వేరు, ప్రభుత్వం వేరు. మాట్లాడేవాడి హక్కు కన్నా వినేవాడి హక్కును ఆయన ముందు నిలబెట్టారు. కానీ ఆ వాదం ఒక భౌతిక సత్యం మీద ఆధారపడింది. తరంగాలు పరిమితం, కోరిన ప్రతివాడికీ ఒక స్టేషన్ ఇవ్వలేం, కనుక అందరి తరఫున ఎవరో ఒకరు కాపలా ఉండాలి అన్నది ఆ సత్యం. ఇంటర్నెట్ దాన్ని మార్చేసింది. ఇప్పుడు ఎవరైనా గోపురమెక్కవచ్చు. కొరత వచ్చిందల్లా కింద ఆగి వినే మనిషి ధ్యాసకే. సమాచారం పెరిగేకొద్దీ అవధానం కరువవుతుందని అమెరికన్ అర్థశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. తరంగాల కొరత తీరిపోయింది కాబట్టి ప్రజా ప్రసార సంస్థ అవసరమూ తీరిపోయిందని చాలామంది అంటున్నారు. అది తొందరపాటు. కొరత చట్టానికి ఆధారమై ఉండవచ్చు, ధర్మానికి ఆధారం మాత్రం మొదటినుంచీ వేరే.

ఆ ఆధారమేమిటో చెప్పబోయేముందు, అందరికీ చటుక్కున తోచే పంపకం ఒకదాన్ని పక్కన పెట్టాలి. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి శ్రేయస్సు, ప్రేయస్సు అని రెండు చెబుతాడు. ఒకటి మేలు చేసేది, ఒకటి ఇష్టమైనది. ఆకాశవాణి శ్రేయస్సు, ప్రైవేటు చానెళ్లు ప్రేయస్సు అనేస్తే వ్యాసం ఇక్కడితో అయిపోతుంది. కానీ చరిత్ర అందుకు ఒప్పుకోదు. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని తలచి వాటిని ఆకాశవాణికి దూరం చేశారు. ఉద్దేశం మంచిదే, శాస్త్రీయ సంగీతానికి ఆయన చేసిన సేవ చిన్నదేమీ కాదు. ఫలితం మాత్రం, దేశమంతా ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పేసింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించి సినిమా పాటను మళ్లీ లోపలికి పిలుచుకోక తప్పలేదు. ఇంకొకరు మన తరఫున ఎంచి పెట్టింది శ్రేయస్సు కాజాలదు. ఉపనిషత్తు కథలోనూ యముడు రథాలు, ఏనుగులు, దీర్ఘాయువు, అన్నీ ఎదుట పెట్టాకే నచికేతుడు వాటిని వద్దంటాడు. యముడే ముందుగా వాటిని దాచేసి ఉంటే నచికేతుడి గొప్ప ఏముంది? శ్రేయస్సు, ప్రేయస్సు రెండూ మనిషి దగ్గరికి వస్తాయి, ధీరుడు వాటిని విడదీసి చూసుకుంటాడు అంటుంది ఉపనిషత్తు. ఎంపికకన్నా ముందు జరగవలసిన పని ఆ రావటం. రెండూ వాకిట్లోకి రానిదే వివేకానికి పనే ఉండదు. ప్రజా ప్రసార సంస్థ ఉండవలసింది ఇందుకేనని నా వాదం. మనకు మేలేదో మనకన్నా దానికి ఎక్కువ తెలుసునని కాదు. మనం అడగనిది, మనకు సరిపడదనుకున్నది, మనది కాదనుకున్నది కూడా మన చెవిన పడే ఉమ్మడి చోటు ఒకటి ఉండాలని.

అలాంటి చోటు తెలుగువాళ్లకు ఉండేది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి వాళ్ల చేతుల్లో రూపు దిద్దుకున్న భక్తిరంజని తెల్లవారి కాఫీ పొయ్యి దగ్గర, పొలానికి బయల్దేరే రైతు వాకిట్లో వినబడేది. సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కీర్తన వెనకే పల్లె భజన మందిరంలో పాడుకునే తత్త్వం వచ్చేది. పండితుల ఇంట్లో తత్త్వానికీ, కూలివాడ గుడిసెలో బ్రహ్మేంద్రులకూ అంతకు ముందు చోటు లేదు. ఒకే అరగంటలో రెండూ రెండిళ్లకూ వెళ్లాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇంకా దగ్గరగా చూడవలసింది ఉషశ్రీ ధర్మసందేహాలు. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు ఆ కలం పేరుతో రామాయణ భారతాలను వాడుక తెలుగులో చెప్పి ఇంటింటి మనిషి అయ్యారు. శ్రోతలు కార్డు ముక్క మీద సందేహం రాసి విజయవాడ కేంద్రానికి పంపేవాళ్లు. ఆయన దాన్ని చదివి జవాబు చెప్పేవారు. ఆ ఏర్పాటులో ఒక నియమం దానంతటదే ఉంది. కార్డు రాసింది ఒకరు, జవాబు వినేది రాష్ట్రంలో సగం. సందేహం అడిగినవాడు ఆస్తికుడై ఉండవచ్చు, పక్కింట్లో అదే రేడియో పెట్టుకున్నవాడు కమ్యూనిస్టు కావచ్చు, టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాడు మహమ్మదీయుడో క్రైస్తవుడో కావచ్చు. ఆ సంగతి చెప్పేవాడికి తెలుసు. తన శిష్యుల ముందు నడిచిపోయే దబాయింపు అక్కడ సాగదు. కర్ణుడి పక్షాన అడిగినవాడికీ అర్జునుడి పక్షాన అడిగినవాడికీ కథలోంచి, యుక్తిలోంచి సమాధానం చెప్పాలి. ఆ ఎరుక మాటను వంచుతుంది, మెత్తబరుస్తుంది, నిజానికి దగ్గర చేస్తుంది. మతాల మీద, వర్గాల మీద దాడి కూడదని ఆకాశవాణి నియమావళిలో రాతపూర్వకంగానే ఉంది. కానీ నియమావళి చేయలేని పనిని ఈ ఎరుక చేసింది: ఎదుటివాడూ వింటున్నాడు. మతం గురించి మాట్లాడేవాడికి ఇంతకన్నా మంచి శిక్షణ నాకు తోచదు.

వ్యాపార ప్రసారాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనటం లేదు. గంటల తరబడి సాగే పురాణ ప్రవచనాన్ని అరగంట చట్రంలో కుదించకుండా మొత్తం జనానికి అందించింది ప్రైవేటు భక్తి చానెళ్లే. చాగంటి కోటేశ్వరరావు ప్రవచనాలకు రాష్ట్రాల హద్దులు దాటిన శ్రోతలు దొరికింది ఆ దారినే. అంతకుముందు చవక క్యాసెట్లు వచ్చి, రేడియో స్టేషన్ గుమ్మం తొక్కలేని జాతర పాటకు, ఊరి దేవత కథకు అంగడిలో చోటు కల్పించాయి. యూట్యూబ్‌లో టి-సిరీస్ వారి హనుమాన్ చాలీసాను 300 కోట్లకు మించి సార్లు చూశారు, ఏ ప్రభుత్వ సంస్థా కలలోనైనా అనుకోని సంఖ్య అది. భక్తుడికి కావలసింది అందించడం తప్పేమీ కాదు. తప్పు మొదలయ్యేది, సమయాన్ని ఎవరు కొంటారన్న దగ్గర.

అమెరికా అనుభవం ఇక్కడ చాలా చెబుతుంది. అక్కడ రేడియో, టీవీ స్టేషన్లు లైసెన్సు నిలుపుకోవడానికి ప్రజా ప్రయోజనం చూపించాలి, అందులో భాగంగా చర్చిలకు ఉచితంగా సమయం ఇచ్చేవి. 1960లో అక్కడి సమాచార కమిషన్ విధానం మార్చింది. డబ్బు తీసుకుని వేసే మతకార్యక్రమమైనా ప్రజా ప్రయోజనం లెక్కలోకే వస్తుందంది. ఉచితంగా ఇచ్చేదాన్ని అమ్ముకోవచ్చని తెలిశాక ఇంకెవరు ఊరికే ఇస్తారు? 1959లో మతప్రసారాల సమయంలో సగానికి కాస్త మించి ఉన్న కొనుగోలు వాటా 1977కు 92 శాతమైంది. అంతవరకు ప్రసారంలో ఉన్న ప్రధాన చర్చిల నిదానమైన గొంతులు వెనక్కి తగ్గాయి. తెర మీదే చందాలడగగలిగినవాళ్లు, అడిగి సమయం కొనగలిగినవాళ్లు మిగిలారు. అలా ఎదిగిన టీవీ మతప్రచారకుడు జిమ్ బేకర్ 1989లో మోసం కేసులో దోషిగా తేలి జైలుకు వెళ్లాడు. ఒక మనిషి చెడ్డతనం కన్నా ఇందులో చూడవలసింది ఏర్పాటు చేసిన జల్లెడ. సమయం అమ్మకానికి పెడితే, ఏ మతమైనా సరే, అడుక్కోవడం వచ్చిన శాఖే గట్టిగా వినబడుతుంది. మౌనాన్ని నేర్పే శాఖ, చందా అడగని సాధువు, చావు ఇంట్లో ఓదార్పు తప్ప అమ్మడానికి ఏమీ లేని పాస్టరు ఆ జల్లెడలోంచి జారిపోతారు.

మన దగ్గర దీని రూపం యంత్రాలు, తాయెత్తులు, జాతిరత్నాల కార్యక్రమం. చూస్తే ముచ్చట కార్యక్రమంలాగే ఉంటుంది. ఒక యాంకరు, కాషాయం కట్టిన ఒక పెద్దమనిషి, అప్పులు తీరిపోయాయని చెప్పే ఒక గృహిణి, వ్యాపారం పుంజుకుందని చెప్పే ఒక దుకాణదారు. కింద ఫోన్ నంబరు నడుస్తూ ఉంటుంది. ఒక మూల అది ప్రకటన అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది, కళ్లద్దాలు లేని ముసలామెకు కనబడదు. హనుమాన్ చాలీసా యంత్రం పేరిట సాగిన ఇలాంటి ప్రకటనలు చట్టవిరుద్ధమని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తీర్పు చెప్పింది, మహారాష్ట్రలో 2013లో వచ్చిన చేతబడుల నిషేధ చట్టం దానికి ఆధారం. యంత్రాలున్న మతాన్ని నేను తప్పుపట్టను, పూజలో యంత్రానికి తన శాస్త్రం తనకుంది. అక్కడ అమ్ముడవుతున్నది భయం. ఆ భయం ఉన్నవాళ్లు టీవీ ముందు కూర్చునే వేళ చూసి దాన్ని పంపుతున్నారు. రామానుజుల కథలో వినేవాడికి అర్హత ఏమీ అడగలేదు. ఇక్కడ ఒక్క అర్హత ఉంది: కష్టంలో ఉండి, ఇంకా కొంచెం డబ్బు మిగిలి ఉండాలి.

పైగా వ్యాపార టీవీ ప్రేక్షకుణ్ణి లెక్కించే తీరే బలహీనం. సుమారు 21 కోట్ల టీవీ ఇళ్ల ఇష్టాయిష్టాలను 55,000 ఇళ్లలో పెట్టిన మీటర్లు నిర్ణయించేవి. వాటిని తారుమారు చేశారన్న ఆరోపణపై 2020 అక్టోబరులో ముంబైలో కేసు నమోదైంది, వార్తా చానెళ్ల రేటింగులు 2022 మార్చి దాకా ఆగిపోయాయి. అయినా ఆ పాత టీవీలో ఒక మేలు మిగిలి ఉండేది. చానెల్ ఒకటే, చూసేవాళ్లందరికీ ఒకటే బొమ్మ. ప్రవచనకర్త హద్దు మీరితే అవతలి పక్షం కూడా చూసి మర్నాడు అడిగేది. ఆ మాత్రం ఉమ్మడితనం కూడా ఫోనులో పోయింది.

యూట్యూబ్ 2012లో ఎన్నిసార్లు చూశారన్న లెక్క నుంచి ఎంతసేపు చూశారన్న లెక్కకు మారింది. జనం చూసే సమయంలో 70 శాతానికి పైగా తమ సిఫారసుల వల్లనే వస్తోందని 2018లో ఆ సంస్థ బాధ్యులే ప్రకటించారు. అంటే నా ఫోనులో తర్వాత వచ్చేది నేను వెతికింది కాదు, నన్ను కదలకుండా కూర్చోబెట్టగలదని యంత్రం అంచనా వేసింది. గ్రహశాంతి వీడియో చూసినవాడికి దోష నివారణ, దాని వెనక శత్రు నివారణ, దాని వెనక ఆ శత్రువు ఎవరో చెప్పే వీడియో. మాట్లాడేవాడికి కూడా తెలుసు, తనను తనవాళ్లే వింటున్నారని. వంచవలసిన అవసరం మాటకు ఇక లేదు. వినేవాడికి వేరే మాట చెవిన పడే అవకాశమూ లేదు. ఇద్దరి మధ్య ఎంపిక చేసిన మూడోవాడు ఎవరికీ కనబడడు, దేనికీ పూచీ పడడు.

పోతన భాగవతం చదువుకున్నవాళ్లకు ఇక్కడ ప్రహ్లాదుడు గుర్తుకు రాక తప్పదు. నారదుడు చెప్పింది లీలావతికి, విన్నది ఆమె కడుపులోని బిడ్డ. హిరణ్యకశిపుడి కొడుక్కి, రాక్షస వంశంలో పుట్టినవాడికి, హరికథ ఇష్టమవుతుందని ఏ లెక్కా చెప్పదు. వంశం, ఇల్లు, తండ్రి అభిరుచి, చండామార్కుల పాఠాలు అన్నీ కలిపి చూస్తే వాడికి పంపవలసింది మరొకటి. తాను అడగని, తన ఇల్లు కోరని మాట చెవిన పడటం వల్లే ప్రహ్లాదుడు ప్రహ్లాదుడయ్యాడు. భక్తిలో శ్రవణాన్ని మొదటి మెట్టుగా పెట్టిన సంప్రదాయం, ఆ శ్రవణం అనుకోకుండా దొరకవచ్చునని ఈ కథతో ఒప్పుకుంది. మనిషి మారడానికి ఉన్న దారుల్లో ఇదొకటి. దాన్ని మూసేసే యంత్రం, చూపించే వీడియోలన్నీ భక్తివే అయినా, భక్తికి మేలు చేస్తోందనలేం.

దీనికి సంప్రదాయం లోపలినుంచే ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అధికారి భేదం అనేది మన శాస్త్రాలకు పునాది. ఎవరి అర్హతను బట్టి వాళ్లకు ఉపదేశం. గోష్ఠీపూర్ణులు పద్దెనిమిది సార్లు తిప్పింది అందుకే. మరి మనిషిని బట్టి మాట మార్చే యంత్రం పాత గురువు చేసిన పనినే చేస్తోంది కదా, అందరికీ ఒకటే మాట అనే రేడియోయే మన పద్ధతికి విరుద్ధం కదా అని ఎవరైనా అడగవచ్చు. నా జవాబు ఇది. గురువు శిష్యుడి స్థాయి చూసేది అక్కడి నుంచి లేపడానికి. శిష్యుడికి నచ్చనిది చెప్పే అధికారం, వద్దు పొమ్మనే అధికారం, ఒకనాటికి తన అవసరం లేకుండా పంపించే బాధ్యత గురువువి. శిష్యుడు చెడితే ఆ దోషం ఆయనకు చుట్టుకుంటుంది. యంత్రం మన స్థాయి చూసేది అక్కడే ఉంచడానికి. మనం లేచి వెళ్లిపోయిన క్షణం దాని లెక్కలో నష్టం. వైద్యుడూ సారాకొట్టు యజమానీ ఇద్దరూ మనిషి బలహీనతను ఎరిగినవాళ్లే, అంతమాత్రాన వాళ్లది ఒకే వృత్తి కాదు. అధికారి భేదాన్ని గౌరవించేవాళ్లే ఈ యంత్రాన్ని ముందుగా అనుమానించాలి.

రెండో ఆక్షేపణ ప్రభుత్వం గురించి. ప్రజా ప్రసారం అంటున్నావు, అది సర్కారు బాకా కాదా? అవును, చాలాసార్లు అయింది. ఎమర్జెన్సీలో ఆకాశవాణి అధికారపక్షం గొంతుగా మారింది. చెప్పినట్టు పాడలేదని కిశోర్ కుమార్ పాటలనే ఆపేశారు. స్వతంత్ర ప్రతిపత్తి కోసం 1990లో పార్లమెంటు చేసిన ప్రసార భారతి చట్టం 1997 దాకా అమలులోకి రాలేదు, వచ్చాక కూడా డబ్బు, నియామకాలు ఢిల్లీ చేతుల్లోనే ఉండిపోయాయి. మతం విషయంలోనూ నిందలున్నాయి. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై దాకా ఆదివారం ఉదయాల్లో దూరదర్శన్ వేసిన రామానంద్ సాగర్ రామాయణం దేశానికి ఒకే రామకథను అచ్చు గుద్దిందనీ, రాజకీయానికి దారి వేసిందనీ పండితులు రాశారు. అందులో నిజం లేకపోలేదు. ఊరికొక రామాయణం ఉన్న దేశంలో, మొల్ల రామాయణం, రంగనాథ రామాయణం, స్త్రీల రామాయణపు పాటలు ఉన్న భాషలో, ఒకే తెర ఒకే కథ అనేది బీదతనమే. అయితే ఈ తప్పులన్నీ ఉమ్మడి చోటు ఉండటం వల్ల వచ్చినవి కావు, దాన్ని ఒకరు ఆక్రమించడం వల్ల వచ్చినవి. జీవన్‌రెడ్డి తీర్పు గీసిన గీత అదే. ఆ చోటును ఆక్రమించినవాడి నుంచి విడిపించే ప్రయత్నం చేయాలి గాని, చోటే వద్దని తలా ఒక గదిలో తలుపేసుకోవడం పరిష్కారం కాదు. పైగా ఆ తప్పులను అందరం పట్టుకోగలిగింది అవి అందరి ముందు జరిగాయి కాబట్టే. సిఫారసు యంత్రం ఒక్కొక్కడి ఫోనులో విడివిడిగా చేసే తప్పును ఎవరు పట్టుకుంటారు?

ఉమ్మడి చోటు ధైర్యంగా నడిస్తే ఏం చేయగలదో బ్రిటన్‌లో ఒకసారి కనబడింది. బిబిసిని నిర్మించిన జాన్ రీత్ పాస్టరు కొడుకు. ప్రసారం క్రైస్తవ నీతిని నిలబెట్టాలన్నది ఆయన పట్టుదల, 1928 నుంచి అక్కడ రోజూ ప్రార్థన ప్రసారమవుతోంది. అలాంటి సంస్థ 1955 జనవరిలో మార్గరెట్ నైట్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలి చేత, మతం లేకుండా పిల్లలకు నీతి నేర్పడం గురించి రెండు ప్రసంగాలు చేయించింది. పత్రికలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. కానీ ఆ ప్రసంగం నాస్తికుల కోసం నాస్తికులు పెట్టుకున్న సభలో జరిగి ఉంటే ఆమె అన్ని జాగ్రత్తలతో మాట్లాడేదీ కాదు, విశ్వాసులు తమ పిల్లలకు నేర్పుతున్నదాని గురించి మళ్లీ ఆలోచించేవాళ్లూ కారు. ఆస్తికుడి ఇంట్లోకి ఆమె గొంతు వెళ్లింది. విశ్వాసం నిజంగా విశ్వాసమే అయితే దానికి ఇలాంటి పరీక్ష వల్ల నష్టం లేదు. మన ఆకాశవాణిగాని దూరదర్శన్‌గాని ఇంతటి సాహసం చేయవలసిన రోజు ఎప్పుడో దాటిపోయిందని నాకు బాధ.

ఇక డబ్బు. ఒకప్పుడు మనం పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టేవాళ్లం, 1980ల నడుమ అది పోయింది. బ్రిటన్‌లో లైసెన్సు రుసుం ఇంకా ఉంది, దాని భవిష్యత్తు మీద తగాదా కూడా ఉంది. స్విట్జర్లాండ్‌లో రుసుం రద్దు చేద్దామా అని 2018 మార్చిలో ప్రజలనే అడిగితే 71 శాతం మందికి పైగా వద్దన్నారు. అమెరికాలో 2025 జూలైలో ప్రజా ప్రసార సంస్థకిచ్చే కేంద్ర నిధులను అక్కడి కాంగ్రెస్ రద్దు చేసింది. మన దగ్గర శామ్ పిట్రోడా కమిటీ 2014లోనే ప్రసార భారతికి నిజమైన స్వతంత్రత ఎలా ఇవ్వాలో నివేదిక ఇచ్చింది. 2024 నవంబరులో ఆ సంస్థ నుంచి వేవ్స్ అనే యాప్ వచ్చింది, సంతోషమే. కానీ యాప్ పెట్టగానే ప్రజా ప్రసారం డిజిటల్ అయిపోదు. ఆ యాప్ కూడా చూసినదాన్నే మళ్లీ మళ్లీ చూపించే లెక్కతో నడిస్తే మరో వ్యాపార వేదికకూ దానికీ తేడా ఉండదు. తన సిఫారసుల సూత్రాన్ని అందరికీ తెలిసేలా ప్రకటించే వేదిక, త్యాగరాజు విన్నవాడికి సూఫీ ఖవ్వాలీని, ఖవ్వాలీ విన్నవాడికి వేమన మీద ప్రసంగాన్ని, మూడూ విన్నవాడికి హేతువాది ప్రశ్నను అందించే వేదిక కావాలి. వద్దనుకుంటే దాటేసే హక్కు శ్రోతకు ఎలాగూ ఉంది.

చివరి ఆక్షేపణ అన్నింటికన్నా న్యాయమైనది. ఆ ఉమ్మడి చోటులో ఎప్పుడూ కొన్ని గొంతులే వినబడ్డాయి. సంగీత కచేరీకి దారి ఉంది, ఒగ్గు కథకు సందు ఉంది. ఎల్లమ్మ, మల్లన్న, పోశమ్మలను కొలిచేవాళ్లకు ఉదయం భక్తి వేళలో దక్కిన వాటా చాలా తక్కువ. క్యాసెట్టు, ఆ తర్వాత యూట్యూబ్ వాళ్లకు ఇచ్చినదాన్ని ప్రజా రేడియో ఇవ్వలేదు. ఈ నింద నిజం, దీనికి సమర్థన లేదు. సరిదిద్దుకోవడానికి దారి మాత్రం తెలంగాణలోనే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు, ఎక్కువగా దళిత మహిళా రైతులు, వాళ్ల యాసలోనే మాట్లాడతారు. విత్తనం ఎలా దాచాలో, ఏ పండక్కి ఏ ధాన్యం ముందు పెట్టి మొక్కాలో, కోతకు ముందు ఏ పాట పాడతారో వాళ్ల నోటే వినాలి. ప్రభుత్వమూ వ్యాపారీ ఇద్దరూ కాని ప్రసారం ఉండవచ్చునని, 1995 తీర్పు ఊహించిన ప్రజలు ఎవరో, ఆ స్టేషన్ చూపించింది.

కానీ కమ్యూనిటీ రేడియోకు నిబంధనలు మామూలుగా అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లే. ఆ గొంతు చుట్టుపక్కల పది పదిహేను కిలోమీటర్ల దాకా వెళ్లి ఆగిపోతుంది. తమవాళ్లకే తమ మాట. విజయవాడలో కార్డు రాసి ధర్మసందేహం అడిగినవాళ్ల మనవలకు, హైదరాబాద్ అపార్టుమెంటులో ఫోను పట్టుకున్నవాళ్లకు, భూమినీ గింజనూ దైవంగా కొలిచే ఆ ఆడవాళ్ల మాట చేరదు, వాళ్లకని అది ఉద్దేశించిందీ కాదు. సరిగ్గా అందువల్లే అది చేరాలి. ఆ పాటలను ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం వారానికి ఒక ఉదయం భక్తి వేళలో రాష్ట్రమంతటికీ వినిపించడానికి ఏ చట్టమూ అడ్డు లేదు, కొత్త యంత్రమూ అక్కర్లేదు. మాచునూరు వెళ్లి అడగాలి, అంతే.